ఎయిర్ కంప్రెసర్ బిగింపు - ఎర్తింగ్

(సంఘాల కార్యదర్శులకు, కేంద్రాలలోని మిషను ఆపరేటర్లకు)

పాల సేకరణ కేంద్రం అంటే ఒకప్పుడు కొలపాత్రలు, లాక్టోమీటరు, నాలుగు క్యాన్లు మాత్రమే. ఇప్పుడు బల్క్ కూలర్లు వచ్చాయి, వాటికి తోడుగా జనరేటర్లు వచ్చాయి. పాలు ప్యాకెట్లలో నింపే కేంద్రాలలోను, గాలితో తెరుచుకుని మూసుకునే వాల్వులు ఉన్న చోట్లలోను ఎయిర్ కంప్రెసర్ కూడా వచ్చి చేరింది. కంపెనీ వారు మిషనును లారీలో తెచ్చి వరండాలో దింపి, చలానా మీద సంతకం పెట్టించుకుని వెళ్ళిపోతారు. ఆ తరువాత సంఘం వారు మమ్మల్ని అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఇక వైరు తగిలించి స్విచ్ వేసుకోవచ్చునా?"

వేసుకోకూడదు. ఎందుకు వేసుకోకూడదో, వేసే ముందు ఏమి చేయించుకోవలసి ఉన్నదో ఈ పాఠంలో చెబుతాము. తీగలు కలిపే పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుది. దానిని ఎవరూ స్వయంగా చేయబోవద్దు. అయితే కాంట్రాక్టరు చేసిన పని సరిగా ఉన్నదా లేదా అని చూడగలిగిన మనిషి ఒకరు ప్రతి సంఘంలోను ఉండాలి. ఈ పాఠం ఆ మనిషి కోసమే.

ముందుగా ఒక మాట. మన కేంద్రాలలో "కంప్రెసర్" అనగానే బల్క్ కూలర్ పక్కన ఉండే గ్యాసు కంప్రెసర్ గుర్తుకు వస్తుంది. అది పాలను చల్లబరచే యంత్రంలోని భాగం. మేము చెప్పబోయే ఎయిర్ కంప్రెసర్ బయటి గాలిని పీల్చి, నొక్కి, ఒక ఇనుప ట్యాంకులో నిలువ చేసేది. రెండూ వేరు. కాని ఎర్తింగ్ విషయంలో చెప్పేదంతా రెండింటికీ వర్తిస్తుంది. పాలు కలియబెట్టే చిన్న మోటారుకు, నీళ్ళ మోటారుకు, పాలు పితికే మిషను వాక్యూమ్ పంపుకు కూడా వర్తిస్తుంది.

ఎక్కడ పెట్టాలి?

పాల కేంద్రంలో నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. క్యాన్లు కడుగుతారు, ట్యాంకు కడుగుతారు, పాలు ఒలుకుతాయి. కాబట్టి కంప్రెసరుకు కడుగుడు స్థలంలో చోటు ఇవ్వకూడదు. వేరే గది ఉంటే మంచిది. లేకపోతే గోడ అవతల షెడ్డు వేసి, నేల కంటే ఆరంగుళాలు ఎత్తుగా సిమెంటు అరుగు కట్టి దాని మీద నిలపాలి. గోడకూ మిషనుకూ మధ్య రెండడుగులు వదలాలి. కంప్రెసర్ పని చేసేటప్పుడు బాగా వేడెక్కుతుంది. దాని పెద్ద చక్రం ఆకులే పంకా లాగ తలకు గాలి విసరి చల్లబరుస్తాయి. గాలి ఆడని మూలలో ఇరికిస్తే అదే వేడిగాలిని మళ్ళీ మళ్ళీ పీల్చుకుంటుంది. నూనె పలుచబడి, వాల్వులు మాడిపోతాయి.

గాలి పీల్చే చోటు గురించి కూడా ఆలోచించాలి. బాయిలరు పొగ గొట్టం దగ్గర, జనరేటరు పొగ వచ్చే వైపు, దాణా దుమ్ము లేచే చోట పెడితే ఆ పొగా దుమ్మూ అన్నీ ట్యాంకులోకి చేరుతాయి. ప్యాకెట్లకు, పాల పైపులకు తగిలే గాలి విషయంలో ఇది మరీ ముఖ్యం. అట్టి చోట్ల నూనె లేకుండా పనిచేసే రకం కంప్రెసర్ కొనడం మేలు. నూనె రకమే ఉంటే గాలి లైనులో నూనెను, తేమను పట్టే ఫిల్టర్లు తప్పనిసరి.

ట్యాంకు మీదనే మోటారు, కంప్రెసర్ బిగించి వచ్చే రకాన్ని అరుగుకు బోల్టులతో బలంగా బిగించేయాలని చాలామంది అనుకుంటారు. అరుగు ఎత్తుపల్లాలుగా ఉన్నప్పుడు ట్యాంకు కాళ్ళను బలవంతంగా కిందికి గుంజి బిగిస్తే, నడుస్తున్నప్పుడు పుట్టే అదురు అంతా కాళ్ళ వెల్డింగు మీద పడి అక్కడ పగులు పడుతుంది. రసమట్టం పెట్టి చూసి, కాళ్ళ కింద రబ్బరు ప్యాడ్లు వేసి నిలపాలి. ఈ రబ్బరు ప్యాడ్ల సంగతి గుర్తుంచుకోండి, ఎర్తు దగ్గర మళ్ళీ అవసరం వస్తుంది.

ట్యాంకులో ఉన్నది ఉత్త గాలే కదా అని తేలికగా తీసుకోవద్దు. ట్యాంకు వ్యాసం 40 సెంటీమీటర్లు అనుకుందాం. దాని చివరి పళ్ళెం వైశాల్యం సుమారు 1257 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. గేజి 7 కిలోలు చూపుతున్నదంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీద 7 కిలోల ఒత్తిడి ఉన్నదని అర్థం. అంటే ఆ ఒక్క పళ్ళెం మీద పడే తోపుడు 8,800 కిలోలు, దగ్గర దగ్గర తొమ్మిది టన్నులు. అంత బలాన్ని ఆపుతున్న ఇనుప రేకు లోపలి నుండి తుప్పు పడుతూ ఉంటే బయటికి కనిపించదు. గాలిలోని తేమ చల్లబడి నీరై ట్యాంకు అడుగున చేరుతుంది. అందుకే అడుగున డ్రెయిన్ కాక్ పెట్టారు. ప్రతిరోజూ పని ముగిశాక దాన్ని తెరచి నీరు వదలాలి. వానాకాలంలోను, కోస్తా ఊళ్ళలోను ఆ నీరు ఎంత వస్తుందో ఒకసారి డబ్బాలో పట్టి చూస్తే, మానకుండా వదలవలసిన అవసరం ఎవరికీ వేరే చెప్పనక్కరలేదు.

సేఫ్టీ వాల్వు రింగును వారానికొకసారి లాగి అది కదులుతున్నదో లేదో చూడాలి. వాల్వు ముందుగానే తెరుచుకుని గాలి పోతున్నదని దానికి తీగ చుట్టడం, స్ప్రింగు బిగించడం, బోల్టు వేసి మూసేయడం వంటివి చేసిన మిషనును ఆ క్షణమే ఆపివేయాలి. మోటారు ఆగిన వెంటనే ప్రెషర్ స్విచ్ దగ్గర ఒక్క క్షణం "ఉస్సు"మని గాలి పోవడం మాత్రం మంచి లక్షణమే. తలలో మిగిలిన గాలిని వదలి, తిరిగి స్టార్టు అయ్యేటప్పుడు మోటారు మీద బరువు పడకుండా చేస్తుంది. ఆ చప్పుడు ఆగకుండా వస్తూనే ఉంటే, ట్యాంకులోని గాలి వెనక్కి రాకుండా ఆపే వాల్వు చెడినదని గుర్తు.

కరెంటు కనెక్షను

మూడు ఫేజుల 5 హెచ్.పి. మోటారు పూర్తి బరువు మీద ఏడు, ఏడున్నర ఆంపియర్లు తీసుకుంటుంది. 2.5 చదరపు మి.మీ. రాగి తీగ ఆ కరెంటుకు చాలుతుంది. మీటరు దూరంగా ఉంటే 4 చదరపు మి.మీ. వేయించడం మంచిది. పల్లెలలో సాయంకాలం వోల్టేజి పడిపోయే చోట సన్న తీగ వల్ల ఇంకొంచెం పడిపోయి, మోటారు లేవక మూలుగుతుంది.

మోటారుకు తగిన స్టార్టరు, అందులో ఓవర్‌లోడ్ రిలే ఉండాలి. రిలేను మోటారు పేరుపలక మీద రాసిన ఆంపియర్లకు సరిపెట్టాలి. అది మాటిమాటికి పడిపోతున్నదని ముల్లు పైకి తిప్పేస్తే ఆ తరువాత కాలేది మోటారే. ఒక ఫేజు పోయినా రెండు ఫేజుల మీద మోటారు నడుస్తూ కాలిపోవడం మన వైపు అన్నిచోట్లా జరిగేదే. సింగిల్ ఫేజింగ్ ప్రివెంటరు ఒకటి పెట్టించుకుంటే ఆ బెడద ఉండదు. రివైండింగు ఖర్చు ముందు దాని ఖరీదు లెక్కలోనిది కాదు.

మొదటిసారి స్విచ్ వేసినప్పుడు చక్రం ఏ వైపు తిరుగుతున్నదో చూడాలి. చక్రం మీదనో, బెల్టు గార్డు మీదనో బాణం గుర్తు ఉంటుంది. ఎదురు తిరిగితే మెయిన్ ఆపి, మూడు ఫేజు తీగలలో ఏవైనా రెండింటిని తారుమారు చేయించాలి. ఆకుపచ్చ తీగను మాత్రం తాకరాదు. పాత పద్ధతి వైరింగులో ఎరుపు, పసుపు, నీలం ఫేజులకు, నలుపు న్యూట్రల్‌కు, ఆకుపచ్చ ఎర్తుకు వాడతారు. కంపెనీ నుండి తీగతో సహా వచ్చే చిన్న మిషన్లలో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ మీద పసుపు చార ఎర్తు. నీలం ఒకచోట ఫేజు, ఇంకొకచోట న్యూట్రల్ అయినందువల్ల తికమకపడి ప్రమాదం తెచ్చుకున్నవారు ఉన్నారు. అందుచేత రంగును నమ్మి వదలక, టెస్టు చేసి కలపమని కాంట్రాక్టరుతో చెప్పండి.

ఎర్తు ఎందుకు?

మోటారు లోపల రాగి చుట్లు, వాటి మీద వార్నిష్ పూత, చుట్టూ ఇనుప ఒళ్ళు ఉంటాయి. అదురు వల్ల, వేడి వల్ల, తేమ వల్ల ఎక్కడో ఒకచోట పూత రాలి చుట్టు ఇనుముకు తగిలితే మోటారు ఒళ్ళంతా ఫేజు అవుతుంది. దానితో పాటు ట్యాంకు, గేజి, ఇనుప పైపు, పైపు చివర ఉన్న ప్యాకింగు మిషను దాకా కరెంటు పాకుతుంది. విశేషం ఏమంటే మిషను మామూలుగానే నడుస్తూ ఉంటుంది. చప్పుడులో తేడా ఉండదు, వాసన రాదు. దాన్ని మొదట కనిపెట్టేది ట్యాంకు మీద చేయి వేసిన మనిషి.

ఎర్తు తీగ చేసే పని ఆ కరెంటుకు మనిషి కంటే సులువైన దారి చూపడం. అంతేకాక, ఆ దారిలో ఎంత ఎక్కువ కరెంటు పోవాలంటే ఫ్యూజు కాలిపోవాలి. ఈ రెండవ సంగతి చాలామందికి తెలియదు. అంకెలు వేసి చూద్దాం.

ఫేజుకూ నేలకూ మధ్య 230 వోల్టులు ఉంటాయి. మీ ఎర్తు నిరోధం 20 ఓములు, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఎర్తు 2 ఓములు అనుకుందాం. మొత్తం 22. మోటారు ఒళ్ళుకు ఫేజు తగిలితే నేలలోకి పోయే కరెంటు 230ని 22తో భాగించగా వచ్చే పదిన్నర ఆంపియర్లు. మీ స్విచ్ 16 ఆంపియర్లది. పదిన్నరకు అది పడదు, రోజంతా అలాగే ఉంటుంది. అప్పుడు మిషను ఒళ్ళు మీద ఉండే వోల్టేజి ఎంత? పదిన్నరను 20తో గుణిస్తే 210. తడి కాళ్ళతో నిలబడిన మనిషి ఒంటి నిరోధం వెయ్యి ఓముల దగ్గర ఉంటుందని లెక్క. అతని ఒంటి గుండా 200 మిల్లీ ఆంపియర్లకు పైగా పోతుంది. 30 మిల్లీ ఆంపియర్లు దాటితేనే ప్రాణాపాయం మొదలవుతుంది. చూడండి, అక్కడ ఎర్తు ఉంది, గుంట ఉంది, తీగ ఉంది, అయినా మనిషికి రక్షణ లేదు.

ఎర్తును బాగుచేసి 4 ఓములకు తెచ్చారనుకుందాం. మొత్తం 6 ఓములు. కరెంటు 38 ఆంపియర్లు. ఇప్పుడు స్విచ్ పడుతుంది. కాని వెంటనే పడదు, వేడెక్కి పడటానికి కొన్ని సెకన్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. అంతసేపూ ఒళ్ళు మీద 150 వోల్టులు ఉంటాయి.

అందుచేత నేటి పద్ధతిలో ఎర్తుకు తోడు ఆర్.సి.సి.బి. అనే స్విచ్ తప్పనిసరిగా పెట్టుకోవాలని మేము గట్టిగా చెబుతున్నాము. వెళ్ళిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది చూస్తూ ఉంటుంది. కొంత నేలలోకి కారిపోతున్నదని తెలియగానే సెకనులో మూడోవంతు కూడా గడవక ముందే లైను తెంచుతుంది. చేతితో వాడే ప్లగ్గుల లైనుకు 30 మిల్లీ ఆంపియర్లది, మోటారు లైనుకు 100 మిల్లీ ఆంపియర్లది మామూలుగా వేస్తారు. ఓవర్‌లోడు నుండి ఇది కాపాడదు. ఆ పనికి మామూలు స్విచ్ వేరే ఉండాలి. దాని మీద "టి" అనే బొత్తాం ఉంటుంది. నెలకొకసారి నొక్కి, పడుతున్నదో లేదో చూడాలి. బొత్తాం నొక్కితే పడిందంటే స్విచ్ బాగున్నదని మాత్రమే అర్థం. ఎర్తు గుంట సంగతి ఆ బొత్తాం చెప్పదు.

ఆర్.సి.సి.బి. ఉంటే ఎర్తు ఎందుకని ఒక కార్యదర్శి అడిగారు. మంచి ప్రశ్న. ఎర్తు లేకపోతే కరెంటు కారిపోవడానికి దారి ఉండదు. మనిషి వచ్చి ముట్టుకున్నాకే దారి ఏర్పడి స్విచ్ పడుతుంది. అంటే షాక్ కొట్టాకే పడుతుంది. ఎర్తు ఉంటే ఫేజు ఒళ్ళుకు తగిలిన క్షణానే, ఎవరూ ముట్టుకోక ముందే పడుతుంది.

ఇంకొక మాట. ఈ స్విచ్ మాటిమాటికి పడిపోతున్నదని దాన్ని తప్పించి తీగలు నేరుగా కలిపేసిన కేంద్రాలు ఉన్నాయి. అది పడుతున్నదంటే ఎక్కడో కరెంటు కారుతున్నది, లేదా దాని తరువాత న్యూట్రల్‌ను ఎర్తుకో, వేరే లైను న్యూట్రల్‌కో ఎవరో కలిపారు. ఆ తప్పు వెతికించాలి.

ఎర్తు గుంట

మోటారు ఒళ్ళుకు విడివిడిగా రెండు ఎర్తు కనెక్షన్లు ఉండాలని 1956 నాటి భారత విద్యుత్ నియమాలే చెప్పాయి. 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తెచ్చిన భద్రతా నిబంధనలు కూడా అదే చెప్పాయి. రెండు అంటే ఒకే గుంటకు రెండు తీగలు లాగి చూపడం అనుకోకూడదు. రెండు గుంటలు వేరువేరుగా ఉండాలి. ఒకటి తెగినా, ఒకటి ఎండినా రెండవది పని చేయాలి.

పైపు ఎర్తు వేస్తే లోపలి వ్యాసం 38 మి.మీ.కు తగ్గని జి.ఐ. పైపు, రెండున్నర మీటర్లకు తగ్గని పొడవు ఉండాలి. ప్లేటు వేస్తే 60 సెం.మీ. చదరంగా, జి.ఐ. అయితే 6.3 మి.మీ. మందం, రాగి అయితే 3.15 మి.మీ. మందం ఉండాలి, ప్లేటు పై అంచు నేల నుండి మీటరున్నర లోతుకు తగ్గకూడదు. గుంట గోడ పునాదికి మీటరున్నర దూరంలో ఉండాలి. రెండు గుంటల మధ్య దూరం పైపు పొడవుకు రెట్టింపు, అంటే ఐదు మీటర్లు ఉండేలా చూసుకోవాలి. దగ్గర దగ్గరగా వేస్తే రెండూ ఒకే మట్టిని వాడుకుంటాయి, రెండవ గుంట ఖర్చు వృథా.

పైపు చుట్టూ కట్టెబొగ్గు, ఉప్పు వరుసలుగా పోయడం మన పాత పద్ధతి. మొదట్లో నిరోధం బాగా తగ్గుతుంది, నిజమే. కాని ఉప్పు రెండు మూడు వానలకు కరిగి కొట్టుకుపోతుంది, ఉన్నన్నాళ్ళూ పైపును తినేస్తుంది. ఇప్పుడు బెంటొనైట్ మట్టి పోస్తున్నారు. అది తేమను పట్టి ఉంచుతుంది, ఇనుముకు హాని తక్కువ. ఖర్చు కాస్త ఎక్కువైనా అదే వేయించమని మా సలహా.

నేలను బట్టి పని మారుతుంది. డెల్టా ఒండ్రు నేలలో ఒక్క పైపుతోనే మంచి ఎర్తు దొరుకుతుంది. నల్లరేగడి తడిగా ఉన్నప్పుడు చాలా మంచిది. ఎండాకాలం పగుళ్ళు పడి పైపును వదిలేస్తుంది, అప్పుడు నీరు పోయకపోతే లాభం లేదు. తెలంగాణలోను, రాయలసీమలోను ఉన్న గరప నేలల్లో రెండు పైపులు వేసినా నిరోధం పదుల ఓములలో ఉండవచ్చు. అక్కడ ఇంకొన్ని పైపులు దూరదూరంగా దిగవేసి అన్నింటినీ కలపాలి. అడుగున రాయి తగిలిందని పైపును నరికి సగమే పాతి పైన సిమెంటు చేసిన పనిని అంగీకరించవద్దు. కొంచెం ఏటవాలుగా, నిలువు నుండి 30 డిగ్రీలు మించకుండా దింపవచ్చు. సముద్రతీరపు ఉప్పు నేలల్లో నిరోధం తక్కువ గాని పైపు తొందరగా తుప్పు పడుతుంది.

గుంట పైన ఇటుకలతో చిన్న తొట్టి కట్టి, మూత పెట్టి, నీరు పోయడానికి గరాటు అమర్చాలి. వేసవిలో వారానికి రెండు మూడుసార్లు మూడు నాలుగు బకెట్ల మంచినీరు పోయాలి. ట్యాంకు కడిగిన ఆసిడ్, కాస్టిక్ నీళ్ళను "ఎలాగూ పారబోసేవే" అని గుంటలోకి మళ్ళించవద్దు. రెండూ జి.ఐ. పూతను తినివేస్తాయి.

పాల సంఘం వారు కాబట్టి మరొకటి ప్రత్యేకంగా చెప్పాలి. గుంటను పశువులు నిలబడే చోట, కట్టేసే చోట, తొట్టి దగ్గర వేయించవద్దు. ఫేజు ఎర్తుకు తగిలినప్పుడు గుంట చుట్టూ నేలలో కూడా వోల్టేజి పుడుతుంది. గుంట దగ్గర ఎక్కువగా ఉండి, దూరం పోయేకొద్దీ తగ్గుతుంది. మనిషి రెండు పాదాల మధ్య దూరం తక్కువ. గేదె ముందు కాళ్ళకూ వెనుక కాళ్ళకూ మధ్య దూరం ఎక్కువ, పైగా ఆ కరెంటు గుండె మీదుగానే పోతుంది. వానాకాలంలో కరెంటు స్తంభాల దగ్గర మనుషులకు ఏమీ కాని చోట పశువులు చనిపోవడానికి కారణం ఇదే. గుంట చుట్టూ కంచె వేయించండి. పశువును ఎర్తు తీగకో, స్తంభం స్టే తీగకో కట్టడం ఎవరు చేసినా మాన్పించండి.

తీగ, బోల్టు

ఎర్తు ఎక్కువగా చెడేది గుంటలో కంటే మిషను దగ్గర. ఐదు హెచ్.పి. మోటారుకు సాధారణంగా 8 నంబరు జి.ఐ. తీగ వేస్తారు. మోటారు ఒంటి మీద ఎర్తు గుర్తు ఉన్న బోల్టు ఉంటుంది. దాని కింద రంగు గీకి, ఇనుము మెరిసేదాకా శుభ్రం చేసి, లగ్గు పెట్టి, స్ప్రింగ్ వాచరు వేసి బిగించాలి. రంగు మీదనే బిగిస్తే చూడటానికి ఎర్తు ఉంటుంది, కరెంటుకు ఉండదు. తీగను మొక్కజొన్న కంకికి పీచు చుట్టినట్టు బోల్టుకు చుట్టి వదలడం కూడా ఇలాంటిదే.

మోటారుకు, ట్యాంకుకు, స్టార్టరు పెట్టెకు, మెయిన్ స్విచ్ పెట్టెకు వేటికవే తీగలు ఎర్తు పట్టీకి రావాలి. ఒకదాని నుండి ఒకదానికి గొలుసుగా కలుపుకుంటూ పోతే మధ్యలో ఒకటి రిపేరుకు విప్పిన రోజున తరువాతి వాటన్నిటికీ ఎర్తు పోతుంది. ఇంతకు ముందు చెప్పిన రబ్బరు ప్యాడ్ల సంగతి ఇక్కడ వస్తుంది. ఆ ప్యాడ్లు మిషనును నేల నుండి పూర్తిగా వేరు చేస్తాయి. బరువైన ఇనుప మిషను నేల మీదనే ఉంది కదా, దానంతట అదే ఎర్తు అవుతుందని అనుకునేవారికి ఇదే జవాబు.

ఒక కేంద్రంలో జరిగినది చెబుతాము. బెల్టు వదులైంది. బొటనవేలితో నడుమ నొక్కితే అరంగుళం దిగవలసిన బెల్టు రెండంగుళాలు దిగుతోంది. మెకానిక్ వచ్చి మోటారును పట్టాల మీద వెనక్కి జరపబోతే ఎర్తు తీగ అందలేదు. దాన్ని విప్పి పక్కన పెట్టాడు. బెల్టు బిగిసింది, మిషను నడిచింది, మెకానిక్ వెళ్ళిపోయాడు. రెండవ ఎర్తు ఆ కేంద్రంలో మొదటి నుండీ లేదు. నాలుగు నెలలు ఏమీ కాలేదు. తొలకరి వాన పడిన రోజున షెడ్డు కారి మోటారు టెర్మినల్ పెట్టెలోకి నీరు దిగింది. సాయంత్రం నీళ్ళు వదలడానికి డ్రెయిన్ కాక్ పట్టుకున్న కుర్రవాడిని కరెంటు పట్టుకుంది. పక్కనున్న పెద్దాయన పరుగెత్తి మెయిన్ ఆపాడు గనుక బతికాడు. అరచేతి కాలుడు మానడానికి ఆరు వారాలు పట్టింది. తీగ మాత్రం చివర లగ్గుతో సహా, విప్పి పెట్టినచోటే, గోడ పక్కన వేలాడుతూ ఉంది.

మోటారు జరిగే దూరానికి సరిపడా ఎర్తు తీగలో ఒక వంపు వదలి ఉంటే విప్పవలసిన అవసరమే రాదు. బిగించే రోజున అడుగు తీగ ఎక్కువ ఇవ్వమని చెప్పండి.

చేయకూడనివి

న్యూట్రల్ తీగను మోటారు ఒంటికి కలిపి "ఎర్తు ఇచ్చాము" అనేవారు ఇప్పటికీ ఉన్నారు. న్యూట్రల్ బాగున్నంతకాలం తేడా తెలియదు. స్తంభం మీద న్యూట్రల్ జంపరు ఊడిన రోజున, ఆ లైను మీద వెలిగే బల్బుల గుండా ఫేజు వచ్చి మీ మిషను ఒంటి మీద కూర్చుంటుంది. మిషనులో ఏ లోపమూ లేకుండానే మనిషి పోతాడు. ఇంతకు మించిన ప్రమాదకరమైన పని ఎర్తింగ్‌లో మరొకటి లేదు.

నీళ్ళ పైపుకు ఎర్తు కలపడం కూడా మానాలి. పైపు కనబడేంత వరకు జి.ఐ. ఉండి, గోడ వెనుక నుండి ప్లాస్టిక్ అయి ఉంటుంది. చిన్న సింగిల్ ఫేజు కంప్రెసర్లకు వచ్చే మూడు పిన్నుల ప్లగ్గులో పై పిన్ను పొడవుగా ఉంటుంది. అన్నిటికంటే ముందు తగిలి, అన్నిటికంటే చివర విడిపోవాలనే అలా చేశారు. సాకెట్టులో పట్టడం లేదని దాన్ని విరగ్గొట్టవద్దు, సాకెట్టు మార్పించండి.

ఇక బల్బు పరీక్ష. ఫేజుకూ ఎర్తుకూ మధ్య బల్బు పెట్టి, వెలిగితే ఎర్తు బ్రహ్మాండంగా ఉందని చెప్పే పద్ధతి ఊరూరా ఉంది. వంద వాట్ల బల్బు నిరోధమే ఐదువందల ఓములకు పైన. మీ ఎర్తు 40 ఓములున్నా బల్బు వెలుగులో కంటికి తేడా కనబడదు. పైగా ఎర్తు తీగ నేలలో తెగి ఉంటే, ఆ పరీక్ష చేస్తున్నంతసేపూ బల్బు గుండా ఫేజు పోయి ఆ ఎర్తుకు కలిపిన మిషన్లన్నిటి ఒళ్ళు మీదికీ ఎక్కుతుంది. ఎర్తును కొలవడానికి ఎర్త్ మెగ్గర్ ఉంది. కొలవబోయే గుంటకు దూరంగా రెండు మేకులు నేలలో దిగవేసి చూస్తారు. ముల్లు ఓములలో అంకె చూపుతుంది. మిషను ఆపి, ఆ గుంట తీగను విప్పి చూసి, మళ్ళీ బిగించాలి. ఏటా కొలత ఏప్రిల్, మే నెలల్లో తీయించండి. వానాకాలంలో తీసిన కొలత ఎప్పుడూ అందంగానే ఉంటుంది.

జనరేటరు ఉన్న కేంద్రాలలో దాని ఒంటికి రెండు ఎర్తులు, న్యూట్రల్‌కు వేరే ఎర్తు ఉండాలి. లైనుకూ జనరేటరుకూ మధ్య మార్పు స్విచ్ న్యూట్రల్‌ను కూడా కలిపి మార్చేదిగా, నాలుగు పోళ్ళదిగా ఉండాలి. లేకపోతే మీరు తయారుచేసిన కరెంటు స్తంభం మీద పని చేస్తున్న లైన్‌మన్‌కు ఎదురుపోయే ప్రమాదం ఉంది.

షాక్ కొట్టినప్పుడు

ముందు మెయిన్ ఆపాలి. మనిషిని చేతులతో పట్టి లాగవద్దు. మెయిన్ అందకపోతే, పొడి చెక్క మీద నిలబడి పొడి కర్రతో నెట్టాలి. నీళ్ళు చల్లడం, మట్టిలో పాతిపెట్టడం వంటివి చేయవద్దు. ఊపిరి ఆడకపోతే ఛాతీ నడుమ రెండు చేతులు ఒకదానిపై ఒకటి పెట్టి, రెండంగుళాల లోతు దిగేలా, నిమిషానికి 100 నుండి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. ఈలోగా మరొకరు 108కి ఫోను చేయాలి. మనిషి లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. షాక్ తరువాత గుండె కొట్టుకోవడం కొంతసేపటికి తప్పిన సందర్భాలు ఉన్నాయి.

కాంట్రాక్టరు చివరి బిల్లు పాలకవర్గం ముందుకు వచ్చిన రోజున కార్యదర్శి ఇవి అడగాలి: రెండు గుంటలకూ విడివిడిగా తీసిన ఓముల కొలత, తేదీ, సంతకంతో; మోటారు చుట్లకూ ఒంటికీ మధ్య తీసిన ఇన్సులేషన్ కొలత; ఆర్.సి.సి.బి. బొత్తాం అందరి ముందూ నొక్కి చూపడం. గుంటలు ఎక్కడ ఉన్నదీ తెలిపే చేతిగీత పటం ఒకటి. కొలతను గుంట మూత మీదనే రంగుతో రాయించండి. వచ్చే మేలో తీసే కొలతను దాని కిందనే రాయించండి. ఆపరేటరు రోజువారీ రిజిస్టరులో ట్యాంకు నీరు వదలిన గడి పక్కనే, "ఎర్తు బోల్టులు చూశాను" అని ఇంకొక గడి గీయించడానికి స్కేలు, పెన్సిలు చాలు.